తేలికపాటి బండి, బరువైన బావ

భూతద్దం బావ మీద మెకానిక్‌కున్న కసి ఈనాటిది కాదు. అక్క మొహం చూసి ఊరుకుంటున్నాడు గానీ, లేకపోతే ఆ భూతద్దాన్ని ఎప్పుడో బావ చేతే మింగించేవాడు. గుమాస్తా ఉద్యోగం ఊడిన మర్నాడే ఆ మహానుభావుడు తాను పుట్టు డిటెక్టివ్‌నని కనిపెట్టి, బామ్మర్ది గ్యారేజీలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని ప్రధాన కార్యాలయం చేసుకున్నాడు.

“నా కన్నుగప్పి ఈ వీధిలో చీమ కూడా చక్కెర మొయ్యలేదు, బామ్మర్దీ!” అని ఆ ఉదయం కూడా ప్రకటించాడు.

“చీమ సంగతి తర్వాత బావా. ఇంజిన్‌కి గాస్కెట్ తేవడానికి వెళ్తున్నా. బండిని కనిపెట్టుకుని ఉండు. సాయంత్రం టీచరమ్మ వస్తుంది.”

బండి గ్యారేజీ ముందు సందులో ముసుగు కింద ఉంది. ఇద్దరు పట్టే పాతకాలపు స్పోర్ట్స్ కారు. టాపు లేదు, తలుపుల్లేవు. యాభై ఏళ్ళ కిందట, పన్ను కలిసొస్తుందని ఆ కార్లను విడిభాగాలుగా పెట్టెల్లో అమ్మేవారట. లెక్కల టీచరమ్మ భర్త ఆ పెట్టెలు తెచ్చి వంటింట్లోనే ఇంజిన్ బిగించాడు. కొత్త కాపురంలో ఆవిడ గేరుబాక్సు పక్కకి జరుపుకుని వంట చేసింది. ఆయన పోయి ఏడాది. మిగిలింది ఆ బండే. దాన్ని ముట్టుకోనిచ్చింది ఒక్క మెకానిక్‌నే.

సాయంత్రానికి అతను తిరిగొచ్చేసరికి సందు ఖాళీ.

“బావా! బండేదీ?”

బావ నవల్లోంచి తలెత్తాడు. “ఏ బండి?”

మెకానిక్ సందు చివరిదాకా పరుగెత్తి చూసొచ్చాడు.

“కంగారుపడకు. ముందు టీ చెప్పు.” బావ సందులోకొచ్చి నేల మీద బోర్లా పడుకుని భూతద్దం పెట్టాడు. “చూశావా? చక్రాల గుర్తుల్లేవు. అన్నీ చెప్పుల గుర్తులే. అంటే?”

“అంటే?”

“ఆకాశమార్గం! అంతర్జాతీయ ముఠా! హెలికాప్టర్!”

“హెలికాప్టరొస్తే నీకు వినపడదా?”

“అదే కదా వాళ్ళ తెలివి!”

ఎదురు షెడ్డు వడ్రంగి దగ్గరకొచ్చాడు. “అయ్యా, పొద్దున మా షెడ్డులో...”

“సాక్షులు పిలిచినప్పుడే మాట్లాడాలి!” బావ గద్దించాడు. “బామ్మర్దీ, ఇంకో టీ. అసలా డొక్కు మీద ముఠాకి మోజెందుకు?”

ఏడవబోతున్న మెకానిక్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. “డొక్కా? వేగం కావాలని అందరూ ఇంజిన్ పెంచుకుంటూ పోయారు. దీన్ని చేసినవాళ్ళు బరువు తగ్గించుకుంటూ వచ్చారు. ఒళ్ళంతా ఫైబరే. అక్కర్లేని బోల్టు ఒక్కటి చూపించు! మలుపులో బండి తిరిగినట్టుండదు బావా, మనమే తిరిగినట్టుంటుంది. దారిలో గులకరాయి తగిలినా నడుముకి చెప్పిపోతుంది.”

“బరువు లేదన్నమాట.” బావ కళ్ళు చిట్లించాడు. “అయితే గాలికి కొట్టుకుపోయిందేమో!”

“గాలి కాదయ్యా, మోసుకొచ్చి...” వడ్రంగి మళ్ళీ మొదలుపెట్టాడు.

“నిన్నే! నోర్ముయ్! అనుమానితుల్లో మొదటివాడివి నువ్వే!”

ఇంతలో టీచరమ్మ రానే వచ్చింది. ఖాళీ సందు చూసి, “నా బండేదీ నాయనా?” అంది.

“అందరూ ఈ వడ్రంగి షెడ్డులోకి పదండి. నేరస్థుడి పేరు అక్కడే ప్రకటిస్తాను!” అన్నాడు బావ.

షెడ్డు మధ్యలో ఏదో సామాను మీద ముసుగు, దాని మీద పొడుగాటి చెక్కపలకలు. బావ పలకలెక్కి, పొట్ట లోపలికి పీల్చి, వేలు పైకెత్తాడు.

“ఈ ఘోరానికి సూత్రధారి...”

పలక తిరగబడింది. ఫటేల్‌మని ఏదో పగిలింది. బావ ముసుగుతో సహా కిందికి దిగిపోయాడు. ఆ వెంటనే ఆయన పొట్ట కింద హారన్ మోగింది.

“మా బండే!” అంది టీచరమ్మ.

“అదేనయ్యా ఇందాకట్నుంచీ చెప్పబోతున్నా!” వడ్రంగి గొంతు పెంచాడు. “పై ఇంటికి బీరువా తెచ్చిన హమాలీలు, సందులో అడ్డం ఉన్నది తియ్యమంటారా అని ఈయన్నే అడిగారు. ‘ఏదైతేనేం, ఎత్తి అవతల పెట్టండి, కథ మంచి పట్టులో ఉంది’ అన్నారీయన. ఆరుగురూ బీరువా పట్టీలేసి ఎత్తి ఇక్కడ పెట్టారు. ఏదో పాత సామాననుకుని నేను పలకలు పేర్చుకున్నా.”

అందరూ బావ వైపు తిరిగారు.

“చూశారా! సూత్రధారిని కూడా పట్టేశాను!” అన్నాడు బావ, సీట్లో ఇరుక్కుపోయి.

టీచరమ్మ పగిలిన బానెట్ మీద చెయ్యి వేసింది. హారన్ ఆగలేదు.

“ఆయనున్నప్పుడూ ఇంతే. ఊరికే మోగేది,” అని కొంగుతో కళ్ళొత్తుకుని నవ్వింది. “బాగయ్యేదాకా బండి నీ దగ్గరే ఉంచు నాయనా. కానీ బానెట్ ఖర్చు మాత్రం నీదే. లెక్క లెక్కే.”

కొత్త ఫైబరు, రంగు, హెడ్‌లైటు అద్దం, బావను బయటికి లాగడానికి కోసిన సీటు, ముఠా గురించి ఆలోచిస్తూ ఆయన తాగిన టీలు, అన్నీ కలిపి మెకానిక్‌కి వదిలింది పదకొండు వేల ఆరువందల నలభై.