ల్యాప్‌టాప్‌కు పట్టిన నిద్ర

ఆ ఉదయం కళ్యాణ్ అనుకున్న పని చాలా చిన్నది. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. బెంగళూరులో వాళ్ల కంపెనీ ల్యాప్‌టాప్‌లు నిద్రపోయేవి గాని లేచేవి కావు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఆ తప్పు సవరించే పని ఇతని మెడకు చుట్టారు. మధ్యాహ్నంలోపు సవరణ పంపకపోతే టీములోంచి తీసేస్తానన్నాడు మేనేజరు జ్ఞానరాజు. సెలవు మీద సొంతూరు బద్వేలు వచ్చినా ఆ భయం బస్సెక్కి వెంటే వచ్చింది.

తల్లి కృష్ణవేణమ్మ కాఫీతోపాటు ఒక కడియం తెచ్చి చేతికి తొడిగింది.

"మన అంగట్లోకి కొత్తగా వచ్చినాయి. బీపీకి శానా మంచిదంట."

"నాకు బీపీ లేదుమా."

"రాకముందే తొడుక్కోవల్ల."

కళ్యాణ్ సవరణ రాసి మూత మూశాడు, నిద్రపోయింది. తెరిచాడు, లేచింది. పొంగిపోయి మీటల మీద చేతులు పెట్టాడు. మళ్లీ నిద్రపోయింది. లేపి సవరణలో నాలుగు ముక్కలు మార్చాడో లేదో, మళ్లీ కునుకు. అతనికి ఏమీ పాలుపోలేదు.

"కరెంటు సరిగ్గా రాలేదేమోరా," అంటూ తండ్రి గోవిందయ్య ఎలక్ట్రీషియన్ మారెన్నను పిలిచాడు. మారెన్న వచ్చీరాగానే మెయిన్ ఫ్యూజు పీకాడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికింది గాని ఇంటర్నెట్ పోయింది. ఇది కరెంటు కాదు, దిష్టి అని కృష్ణవేణమ్మ తేల్చింది. ల్యాప్‌టాప్ చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు. సరిగ్గా అప్పుడే జ్ఞానరాజు ఫోను.

"సార్, నా సవరణ తప్పు. ఎందుకో తెలీడంల్యా," అన్నాడు కళ్యాణ్ ఏడుపు గొంతుతో.

"పన్నెండు దాకా చూస్తానప్పా. ఆ తర్వాత నీ ఇష్టం."

కళ్ల మంట తట్టుకోలేక కళ్యాణ్ కడియం తీసి మొహం కడుక్కొచ్చాడు. కూర్చుని టైపు చేశాడు. ల్యాప్‌టాప్ నిద్రపోలేదు. అనుమానం వచ్చి కడియం దగ్గరగా జరిపాడు. ఠక్కున పడుకుంది.

మూత పడిందా లేదా అని ల్యాప్‌టాప్ తెలుసుకునేది మూతలో దాచిన అయస్కాంతంతో. కడియంలోనూ ఉన్నది అయస్కాంతమే. చెయ్యి దగ్గరికి రాగానే మూత పడిందనుకుని బుద్ధిగా నిద్రపోతోంది. పొద్దున రాసిన సవరణలో ఏ తప్పూ లేదు. ఫ్యూజు పెట్టించి, ఆ మొదటి సవరణనే పంపి ఫోను చేశాడు.

"తప్పు నా సవరణది కాదు సార్, మాయమ్మది."

జ్ఞానరాజు సంగతంతా చెప్పించుకుని విన్నాడు.

"చెయ్యి పెడ్తానే నిద్రపోతాందా?"

"అవును సార్."

"టీములోనే ఉండప్పా. వచ్చేటప్పుడు నాకొక కడియం పట్టుకురా. మీ సవరణలు మొదలైనప్పట్నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు."

మరునాడు గోవిందయ్య అంగట్లో కడియాల ముందు 'బీపీకి' అన్న అట్ట తీసేసి 'నిద్రకు' అన్న అట్ట పెట్టారు.