ఉరుముకు స్విచ్చి లేదు

కరెంటు పని చేస్తారు కాబట్టి వీధివాళ్ళంతా ఆయన్ని ఫ్యూజుగారు అంటారు. అసలు పేరు పెట్టినవాళ్ళకైనా గుర్తుందో లేదో.

నిచ్చెన మీద ఒంటికాలితో నిలబడి, పాట పాడుకుంటూ తీగలు కలిపే మనిషి ఆయన. అంతటి మనిషికి ఉరుమంటే భయం. ఉరిమితే చాలు, ముందు మోకాళ్ళు కూలబడతాయి. వాటి వెనకాల ఆయన కూలబడతారు.

'తీగలో కరెంటుకి స్విచ్చి ఉంది. పైనున్నదానికి ఎక్కడుంది?' అని ఆయన వాదన. ఆ వాదన ఎవరితోనూ పెట్టుకోరు. కరెంటు మేస్త్రి మెరుపుకి జడుస్తాడని తెలిస్తే రేపు ఇళ్ళకి పనికి పిలిచేదెవరు?

కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఆయనకు భయపడే భార్య దొరికింది. పెళ్ళైన కొత్తలో, మొదటి గాలివానకే ఆవిడ దగ్గరికొచ్చి, "ఏమండీ, నాకు భయంగా ఉంది. కాస్త చెయ్యి పట్టుకోండి" అంది. ఫ్యూజుగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. భార్య భయపడుతుంటే భర్త విడిగా భయపడే పనేముంది? ధైర్యం చెబుతూ కూర్చుంటే సరిపోతుంది.

ఆవిడ బస్సు కండక్టరు. టిక్కెట్టు కొనకుండా వాదించేవాణ్ణి కాలరు పట్టుకుని దించి, చిల్లర లెక్క తప్పకుండా విజిలు వేయగలదు. అలాంటి మనిషి ఉరుముకు ఎందుకు భయపడుతుందని ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే నష్టపోయేది ఆయనే.

అప్పటినుంచీ తుఫాను కబురు రాగానే ఆ ఇంట్లో ఒక తంతు నడుస్తుంది. ఆవిడ బిందెలూ బకెట్లూ నింపుతుంది, మేడ మీది పూలకుండీలు దించుతుంది, తీగ మీది బట్టలు లాగేస్తుంది. ఆయన మెయిను ఆపి, టార్చిలైటు సరిచూసి, రబ్బరు బూట్లు తొడుక్కుంటారు. ఆ తర్వాత ఇద్దరూ సామాన్లగదిలోకి వెళ్ళి కూర్చుంటారు. ఆ గదికి కిటికీ లేదు, మెరుపు కనపడదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, "భయపడకు, నేనున్నానుగా" అని పదేపదే చెబుతూ, ఆ మాట తన చెవినీ వేసుకుంటూ, ఆయన తుఫానుని గట్టెక్కిస్తారు.

ఈసారి చిక్కు అత్తగారి రూపంలో వచ్చింది. కూతుర్ని చూద్దామని వచ్చి ఉండిపోయిన ఆ పెద్దావిడకి వినికిడి తక్కువ, సరదా ఎక్కువ. ఆకాశం నల్లబడగానే కుర్చీ లాక్కెళ్ళి వరండాలో వేసుకుంది.

"అత్తయ్యగారూ, లోపలికి రండి. తుఫాను" అన్నారు ఫ్యూజుగారు.

"బఫూనా? ఏడీ?" అని ఆవిడ రబ్బరు బూట్లతో నిలబడ్డ అల్లుణ్ణి ఎగాదిగా చూసి, తల పంకించింది.

ఫ్యూజుగారికి గుండెల్లో రాయి పడింది. ఆవిడ వరండా వదలదు. తల్లిని ఒంటరిగా వదిలి కూతురు రాదు. కన్నతల్లి పక్కనుంటే కూతురికి మొగుడి చెయ్యెందుకు? అప్పుడు సామాన్లగదిలో మిగిలేది తనూ, చీకటీ.

కష్టాల్లో ఉన్నవాడికి బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. ఎటు పరుగెడుతుందన్నది వేరే సంగతి. కావలసినవన్నీ సామాన్లగదిలో పెట్టేస్తే ఎవరైనా సరే అక్కడికే రావాలి కదా, అనుకున్నారాయన. అనుకున్నదే తడవుగా మోత మొదలైంది.

భార్య గుమ్మంలో నిలబడి చూసింది. "టార్చిలైటు లోపల పెట్టారు, బాగుంది. రొట్టె ఎందుకు?"

"ఆకలేస్తే."

"స్టవ్వు?"

"చలేస్తే."

"మా అమ్మ మంచం?"

"నిద్రొస్తే."

"మరి మనుషులు ఎక్కడ కూర్చోవాలి?"

"సర్దుకుంటే అందరికీ చోటుంటుందని నువ్వే కదటోయ్ రోజూ బస్సులో అరుస్తావు."

"బస్సుకి రెండు తలుపులుంటాయండీ. మీకున్నది ఒక్కటే" అని ఆవిడ నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయింది.

ఆఖరుగా పరుపు మిగిలింది. ఫ్యూజుగారు గది లోపల నిలబడి, పరుపుని మడిచి తలుపులోంచి లోపలికి లాగుతున్నారు. సగం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంటి మీద బండరాళ్ళు దొర్లించినట్టు ఉరిమింది.

ఆయన ఎగిరిపడ్డారు. మోచెయ్యి మంచానికి తగిలింది, మంచం అలమారకి తగిలింది, అలమార మీదనున్న పిండిడబ్బా నేరుగా ఆయన నెత్తిన బోర్లపడింది. మంచం పరుపు వెనక అడ్డంగా పడి బిగుసుకుంది. టార్చిలైటు దొర్లి ఏ మూలకో పోయింది. కుడితిలో పడ్డ ఎలుక సంగతి లోకానికి తెలుసు. పిండిలో పడ్డ మొగుడి సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఏమండీ, ఏమైంది?" పరుపు అవతలినుంచి భార్య గొంతు.

"ఏం కాలేదు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది."

"బయటికి రాగలరా?"

"రాలేకపోవడం కూడా అందులో ఒక భాగం."

ఆవిడ పరుపు పట్టుకుని లాగింది. లోపల్నుంచి ఆయనా తన వైపుకి లాగారు. ఎవరు తొయ్యాలో, ఎవరు లాగాలో తేలేలోపు పరుపు ఇంకాస్త గట్టిగా ఇరుక్కుంది. బయట గాలి ఊళ వేస్తోంది.

మళ్ళీ ఉరిమింది. ఈసారి ఫ్యూజుగారు గోడకి జారబడి, మోకాళ్ళు కావలించుకుని కూర్చుండిపోయారు. "నేనున్నానుగా" అని చెబుదామంటే వినడానికి ఎదురుగా మనిషి లేదు. మనిషి లేకపోతే ఆ మాటలో సత్తువ లేదు. అంత పెద్ద మనిషికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమండీ," అంది భార్య, పరుపుకి ఆనుకుని కింద కూర్చుంటూ. "నాకు భయంగా ఉంది. ఆ సందులోంచి చెయ్యి ఇటివ్వండి."

ఆయన గబగబా చెయ్యి చాచారు. అవతల ఆవిడ వేళ్ళు అందాయి. "భయపడకు" అన్నారు. గొంతు వణికింది. అది గాలి వల్ల అనుకోవచ్చు.

ఇంతలో వానజల్లు వరండాలోకి కొట్టడంతో అత్తగారు తడిసిన కుర్చీతో లోపలికి వచ్చింది. నేల మీద కూతురు, తలుపుకి పరుపు, పరుపు సందులోంచి తెల్లటి చెయ్యి. ఆవిడ కాసేపు ఆ చెయ్యినే చూసింది.

"ఎవరిదే అది?"

"ఆయనదమ్మా. నాకు ఉరుమంటే భయం కదా, పట్టుకున్నా."

"నీకు భయమా? చిన్నప్పుడు ఉరిమితే మేడెక్కి గంతులేసేదానివి. నిన్ను దింపబోయి మీ నాన్న తడిసి ముద్దై జ్వరం తెచ్చుకునేవాడు. ఈ భయం ఎప్పట్నించి?"

"అమ్మా, మెల్లగా."

"నల్లగానా? తెల్లగానే ఉందిగా చెయ్యి."

కూతురు తల్లి చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది. వినపడలేదు. మామూలుగా చెప్పింది. "ఎవరికి?" అంది తల్లి. కాస్త పెంచి చెప్పింది. "ఆయనకేమైంది?" అంది తల్లి. ఇక లాభం లేదని ఆవిడ, కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వెళ్ళే గొంతు బయటికి తీసింది.

"ఉరుమంటే భయం ఆయనకమ్మా. పైకి చెప్పుకోలేరు. అందుకని నాకే భయమని చెప్పి, పెళ్ళైనప్పట్నించీ నేనే చెయ్యి పట్టుకుంటున్నా. ఆయనకి మాత్రం తెలియనివ్వకు."

ఆ మాట మీద ఓ ఉరుము ఉరిమితే ఎంత బాగుండేది. ఉరమలేదు. గాలి కూడా ఆగి విన్నట్టుంది. పక్కింటి కిటికీలోంచి "అయ్యో పాపం" అన్న మాట స్పష్టంగా వినిపించింది.

ఫ్యూజుగారు చెయ్యి వెనక్కి తీసుకోబోయారు. ఊగే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే పట్టు అది, వదల్లేదు.

"ఏమోయ్, విన్నాను" అన్నారు చివరికి.

"తెలుసు. వీధంతా విన్నది."

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే చెయ్యి ఇచ్చేవారా?"

తను కాపాడుతున్నాననుకున్న ప్రతి తుఫానూ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చి, చీకట్లోనే సిగ్గుతో తల వంచుకున్నారు. వంచిన తలలోంచి ఇంకాస్త పిండి రాలింది.

అత్తగారు కుర్చీని పరుపు దగ్గరికి జరుపుకుంది. "అల్లుడుగారూ, ఆ రెండో చెయ్యి ఇలా ఇవ్వండి. నాకూ భయంగానే ఉంది."

వినపడని ఉరుముకి మీరెలా భయపడతారండీ అని అడగబోయి, ఫ్యూజుగారు నోరు మూసుకున్నారు. రెండో చెయ్యి కూడా సందులోంచి బయటికి చాచారు. రెండు చేతులూ అలా అప్పజెప్పాక, ముక్కులో పిండి దురద పెట్టడం మొదలైంది. ఆపుకున్నారు, ఆపుకున్నారు, ఇక ఆగలేదు. పరుపు అదిరేలా తుమ్మారు.

అత్తగారు ఉలిక్కిపడి, ఆయన చేతిని రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది.

"ఇది నాక్కూడా వినపడింది బాబూ. గట్టి పిడుగే. భయపడకండి, దూరంగా ఎక్కడో పడుంటుంది."

"ఆఁ, దూరంగానే పడింది అత్తయ్యగారూ" అన్నారు ఫ్యూజుగారు.