పొట్టేలు గడ్డ

ఉదయగిరిలో ఎవరైనా డాక్టరు ముందు తుమ్మితే దుర్గం మీది కోతులు ‘చిరంజీవ’ అంటాయి. అంత గుట్టున్న ఊరు. అందుకే ముప్ఫై ఏళ్ళ నాగేంద్రబాబు తెల్లారగానే ఆత్మకూరు బస్సెక్కాడు. తొడ సందున లేచిన గడ్డను అక్కడి డాక్టరుకు చూపించుకుని, మధ్యాహ్నానికి గొర్రెల దగ్గరికి వచ్చేయాలని పథకం.

గడ్డ శనగగింజంత, భయం దుర్గమంత. కార్తీకంలో పెళ్ళాడబోయే మేనమామ కూతురు గోపిక మొన్న మంద దగ్గరికి అన్నం క్యారేజీ తెచ్చింది. ఇద్దరూ కార్తీకం దాకా ఆగలేకపోయారు. మర్నాడే గడ్డ! అది సుఖరోగమో, పెంచలకోన స్వామి వేసిన ముద్రో తెలియదు. ఏదైనా మామకు తెలిస్తే పెళ్ళి పెటాకులే.

ఆ మామే, కామయ్య, వచ్చి పక్కన కూలబడ్డాడు.

“ఏంది అల్లుడా, ఎక్కడికి?”

“పొట్టేలుకు గడ్డ లేచిండాది మామా. మందుకు పోతా ఉండా.”

“యాడ?”

“ఎనక కాళ్ళ మధ్యన.”

కామయ్యకు గొర్రెల రోగమంటే విందుభోజనం. “గొర్రె మీదెక్కి దాటినాక లేచిందా, ముందునించీనా?”

“దాటినాకే. అదీ ఒక్కసారే మామా!”

“నీకెట్ట తెలుసురా?”

“పక్కనే... ఉన్నా.”

బస్సంతా చెవులు రిక్కించింది.

“ఎవురి గొర్రె?”

“మంచి ఇంటిదే.”

“మంచి ఇల్లయితే? దాన్నీ చూపియ్యాల. కాపలా లేకుండా వదిలినోడు ఎవుడో తిక్కలోడు!”

నాగేంద్ర కిటికీలోంచి దూకుదామనుకున్నాడు గానీ ఊచలున్నాయి.

ఆత్మకూరులో దిగగానే మామ అల్లుడి రెక్క పట్టుకుని పశువుల ఆసుపత్రికి లాక్కుపోయాడు. “పొట్టేలును తేలేదా? గడ్డ ఫోటో ఉందా?” అంది డాక్టరు రేణుకాదేవి. “ఈ కాలపోళ్ళు ఫోటో తియ్యకుండా ఉంటారామ్మా! చూపియ్‌రా!” అన్నాడు కామయ్య. ఫోటో ఉంది. నోట చెప్పడానికి సిగ్గేస్తే డాక్టరుకు చూపిద్దామని తీసుకున్నది. మామకు కనపడకుండా ఫోను అందించాడు.

ఆమె ఫోన్ను చూసింది. నాగేంద్రను చూసింది. మళ్ళీ ఫోన్ను చూసింది.

“పెద్దాయనా, మీరు బయట కూర్చోండి. పొట్టేలు సిగ్గుపడతా ఉంది,” అని, ఆయన వెళ్ళాక గొంతు తగ్గించింది. “పొట్టేలు లుంగీ కట్టిందే! ఎదురు సందులో మనుషుల డాక్టరు ఉన్నాడు. ఎనక తలుపులోంచి పో.”

మనుషుల డాక్టరు భూతద్దం పెట్టి చూసి, పట్టకారుతో ఏదో లాగి నవ్వాడు. “రోగమూ లేదు, రొష్టూ లేదు. గొర్రెపిడుదు కరిచింది. మందలో గాని పడుకున్నావా?”

“పడుకున్నానండీ!” అని దణ్ణం పెట్టి, నాగేంద్ర గాల్లో తేలుతూ బయటికొచ్చాడు. డాక్టరు గది ముందు బల్ల మీద గోపిక తలొంచుకుని కూర్చుని ఉంది. పక్కన ఆమె తల్లి మాలకొండమ్మ. అల్లుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన కామయ్య వాళ్ళ ముందు నోరు తెరిచి నిలబడ్డాడు.

“మీరెప్పుడొచ్చినారే?”

“ఎనక బస్సుకు. పిల్లకు నడుం కింద గడ్డ లేచింది. నీకు చెబితే బస్సంతటికీ తెలుస్తాదని చెప్పలా.”

గోపిక కళ్ళలో నీళ్ళు చూసి నాగేంద్ర ఆగలేకపోయాడు.

“ఏడవబాక గోపికా! అది పిడుదే! మందలోదే!”

కామయ్య అల్లుణ్ణి చూశాడు, కూతుర్ని చూశాడు. బస్సులో తాను తిట్టిన తిక్కలోడెవరో నెమ్మదిగా తెలిసొచ్చింది.

“మాలకొండా,” అన్నాడు చివరికి, “ముహూర్తం పెట్టే అయ్యోరికి ఫోన్ చెయ్యి. కార్తీకం దాకా కాపలా కాయడం నా వల్ల కాదు.”

వచ్చే ముహూర్తానికే పెళ్ళయింది. విందుకు నాగేంద్ర నింద మోపిన పొట్టేలునే కోశారు. పాపం, దాని ఒంటి మీద ఒక్క గడ్డా లేదు.