సర్కారు వాటా

కెనడా దేశం, మానిటోబా రాష్ట్రం, గ్రాసీ ఫోర్క్ వాస్తవ్యులు వాసిల్ కెరెలుక్ గారి ఏకైక కుమార్తె డార్కాకు ఉన్నత విద్య అనివార్యమైంది. కారణం తెలివితేటలు కావు, ఆసక్తి అసలే కాదు. ఆమె పుట్టినప్పటి నుంచీ తండ్రి ఒక చదువుల పొదుపు పథకంలో డబ్బు కడుతున్నాడు. ఆయన కట్టినదానికి సర్కారువారు తమ వాటాగా కొంత కలుపుతున్నారు. పిల్ల పైచదువు చదివితే అంతా పిల్లకే. చదవకపోతే వాసిల్ కట్టింది వాసిల్‌కు, సర్కారు వాటా తిరిగి సర్కారుకు.

సర్కారు ఒకసారి ఇచ్చింది మళ్లీ పట్టుకుపోవడమనే ఊహే వాసిల్‌కు ముద్ద దిగనిచ్చేది కాదు.

డార్కా మాత్రం మంచుగడ్డ మీద రాళ్లు జార్చి ఆడే ఊరి కర్లింగ్ రింకులో క్యాంటీన్ మీద మనసు పెట్టుకుంది. దాన్ని నడిపే ముసలావిడ ఆ శీతాకాలంతో మానేస్తోంది. పిండిలో బంగాళాదుంప కూరి డార్కా చేసే పిరోగీల కోసం ఆట రానివాళ్లు కూడా రింకుకు వచ్చేవారు.

"నాన్నా, నువ్వు కట్టింది తీసి ఇవ్వు చాలు. క్యాంటీన్ తీసుకుంటా," అంది డార్కా.

"మరి సర్కారు వాటా?"

"పోతే పోనీ."

"పోనీయా? మా తాత ఈ నేలలో రాళ్లేరుకుంటుంటే వచ్చి చూసిందా ఈ సర్కారు? ఇన్నాళ్లకి నాలుగు రాళ్లిచ్చింది. పోనీ అంటావేంటే?"

తల్లి ఓల్యా సర్దిచెప్పబోయింది. "దానికిష్టం లేని చదువెందుకండీ?"

"ఇష్టానికీ చదువుకీ ఏంటే సంబంధం? నువ్వూరుకో."

సలహా కోసం వాసిల్ కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ పథకం నడిపే పొదుపు సంస్థ ప్రతినిధి ఫెన్విక్ గారిని ఆశ్రయించాడు. ఆయన కోటు గుండీ పెట్టుకుని లేచి, ముగ్గురున్న గదిలో మహాసభకు సరిపడా ఉపన్యాసం ఇచ్చారు. "విద్య తరగని నిధి. ఆ నిధిని తీసుకోవడానికి మా దగ్గరున్న నిధి చాలు. మీ అమ్మాయి ఏదో ఒక కాలేజీలో చేరినట్టు రుజువు తెస్తే సరి."

"ఏం చదవమంటారు సార్?"

"ఏదైనా సరే. మా సంస్థ విద్యల మధ్య పక్షపాతం చూపదు."

అప్పటికి మంచి కోర్సులన్నీ నిండిపోయాయి. విన్నిపెగ్‌లో ఒక ప్రైవేటు కాలేజీవారి 'తీరిక నిర్వహణ' డిప్లొమాలో మాత్రం ఖాళీలున్నాయి. మనుషులు ఖాళీ సమయంలో ఏం చేయాలో శాస్త్రీయంగా బోధించే ఆ కోర్సులో చేరాక డార్కాకు ఊపిరి సలపలేదు.

డబ్బు రావడం మొదలైంది. చదువు నిమిత్తం గది అద్దెకు తీసుకున్నారు. గదిలో చదువు నిమిత్తం సోఫా వేశారు. పిల్లకు వంట పంపే నిమిత్తం ఇంట్లో పెద్ద ఫ్రీజర్ వెలిసింది. ఆ వంట చేరవేసే నిమిత్తం వాసిల్ బండికి కొత్త టైర్లు వచ్చాయి. ఇల్లంతా విద్యావ్యాసంగంలో మునిగింది.

ఈలోగా వాసిల్ తమ్ముడు రోమన్ ఊరి పరువు తీశాడు. కొడుకు బొహ్దాన్ చదవనన్నాడని తను కట్టిన డబ్బు తీసుకుని, సర్కారు వాటాను సర్కారుకు వదిలేశాడు. ఆ డబ్బుతో బొహ్దాన్ క్యాంటీన్ తీసుకున్నాడు. చదువబ్బని కుర్రాడని ఊరంతా జాలిపడి, రోజూ అక్కడే భోంచేసేది.

క్రిస్మస్ సెలవులకు వచ్చిన డార్కా క్యాంటీన్‌లో తండ్రి ఎదురుగా కూర్చుని ఒక పిరోగీ తుంచింది.

"పిండి మందంగా ఒత్తావురా."

"నువ్వుంటే పల్చగా ఒత్తేదానివక్కా," అన్నాడు బొహ్దాన్.

డార్కా ప్లేటు ఖాళీ చేసి, తనే తీసుకెళ్లి కడిగిపెట్టింది. వాసిల్ ఆ వైపు చూడలేక కిటికీలోంచి మంచుకేసి చూశాడు. ఇంటికి వెళ్తూ దారిలో ఓదార్చబోయాడు. "సర్కారుకు ఒక్క సెంటు కూడా వెనక్కి పోలేదమ్మా."

"అవును నాన్నా. క్యాంటీనే పోయింది."

ఆ రాత్రి వాసిల్ భోజనం చేయలేదు. తెల్లారి మాత్రం మామూలుగానే చేశాడు.

డార్కా ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. రాష్ట్రంలో ఎవరికీ తమ తీరికను ఇంకొకరి చేత నిర్వహింపజేసుకునే తీరిక లేకపోవడంతో ఉద్యోగం రాలేదు. చివరకు ఫెన్విక్ గారే ఆదుకున్నారు. విద్య విలువను ఇంత దగ్గరగా చవిచూసిన మనిషి మరొకరు దొరకరని, ఆమెను తమ సంస్థలోనే ప్రచారకురాలిగా నియమించారు.

ఆమె తొలి సభ సొంత ఊరి చర్చి హాల్లో జరిగింది. ఒళ్లో పసివాణ్ని పెట్టుకున్న ఒక కుర్ర తండ్రి లేచి అడిగాడు. "మావాడికి చదువు అబ్బకపోతే ఎలాగండీ?"

డార్కా నవ్వకుండా జవాబిచ్చింది. "అబ్బక్కర్లేదండీ. చదివితే చాలు."

హాలంతా పగలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక అందరూ వరసలో నిలబడి పథకం కాగితాల మీద సంతకాలు పెట్టారు.