కొక్కేనికి బొట్టు

శుక్రవారం ఉదయం ఏడు గంటలకల్లా కారెక్కాలని ఆ ఇంట్లో నిర్ణయమైంది. కోయిలకుంట్ల నుంచి కడపకు రెండున్నర గంటల ప్రయాణం. పదకొండుకు పోటీ, అది కాగానే దేవునికడపలో దర్శనం, ఆ తర్వాత భోజనం. వీటిలో దర్శనం ఒక్కటే దేవుడి చేతిలో ఉందనీ, మిగతావన్నీ తన చేతిలో ఉన్నాయనీ సుబ్బయ్య అనుకున్నాడు. నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి కొట్టు మూసిన మనిషికి ఆ మాత్రం ధీమా ఉండడం సహజమే.

పోటీ ఆయనది కాదు, కోడలు స్వర్ణలతది. ఆమె పోలీసు కానిస్టేబుల్. ఆరేళ్లుగా విలువిద్య సాధన చేస్తోంది. ఆమెది రెండు కొనలకూ చక్రాలున్న కొత్త రకం విల్లు. ఆ రోజు కడప మైదానంలో రాష్ట్ర పోలీసు జట్టుకు నలుగురు మహిళలను ఎంపిక చేస్తారు. పోయిన ఏడాది ఆమె ఒక్క పాయింటు తేడాతో ఐదో స్థానంలో నిలిచింది. అంతకు ముందటి ఏడాది రెండు పాయింట్ల తేడాతో, అదీ ఐదో స్థానమే. ఈసారి కూడా జట్టులోకి రాకపోతే సాధన కోసం ఉదయంపూట ఇస్తున్న రెండు గంటల వెసులుబాటు తీసేస్తామని పైఅధికారి మర్యాదగానే చెప్పాడు. వెసులుబాటు పోతే విల్లు అటక మీదికి పోతుంది.

ఆ విల్లు తాడును వేళ్లతో లాగరు. మణికట్టుకు ఒక పటకా కట్టుకుని, దాని చివరనున్న చిన్న ఉక్కు కొక్కేన్ని తాడుకు తగిలించి లాగుతారు. కొక్కెం పక్కన తుపాకీకి ఉన్నట్టే ట్రిగ్గర్ ఉంటుంది. చూపుడువేలితో నొక్కితే కొక్కెం తెరుచుకుని తాడును వదిలేస్తుంది. ట్రిగ్గర్ ఎంత ఒత్తిడికి పనిచేయాలో ఆవగింజంత స్క్రూ ఒకటి నిర్ణయిస్తుంది. స్వర్ణలత తన కోచ్ తిరుపతమ్మ ముందు కూర్చుని మూడు వారాలపాటు ఆ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పి చూసుకుంది. ఒకచోట కుదిరిందనిపించాక, అది కదిలితే తెలిసేలా దాని తల మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టుకుంది.

వదలడానికి కూడా యంత్రం కావాలా అని సుబ్బయ్యకు మొదటినుంచీ వింతగానే ఉండేది. పట్టుకోవడానికి సాయం కావాలంటే అర్థముంది. వదిలేయడం ఏమంత కష్టమని ఒకసారి కోడలినే అడిగాడు.

"వదలడమే కష్టం మామా" అంది స్వర్ణలత. "నడుమ పసుప్పచ్చ గుండ్రం కనపడతానే నా వేలు ఆగదు. టక్కున నొక్కేస్తాది. చెయ్యి అదురుతాది, బాణం పక్కకు పోతాది. బాణం ఎప్పుడు పోతాదో నాకే తెలియకూడదంట. మేడమ్ రెండేండ్ల నుంచీ అదే చెప్తాంది."

తెలియకుండా చేసేది మంచి పని ఎలా అవుతుందని సుబ్బయ్య చాలా రోజులు ఆలోచించాడు. రోజూ పూజ చివర ఆయన తెలియక చేసిన తప్పులను మన్నించమని వేడుకుంటాడు. తెలియక చేసిన ఒప్పులకు ఏం చెప్పాలో ఏ పూజలోనూ లేదు.

ఆ శుక్రవారం స్వర్ణలత పటకా ఊడదీసి, కొక్కేన్ని మాత్రం దేవుడి పీట మీద పెట్టి, దండం పెట్టుకుని, విల్లు సర్దుకోవడానికి పోయింది. ఐదు నిమిషాల తర్వాత అత్త నాగలక్ష్మమ్మ దీపం పెట్టడానికి వచ్చింది. అప్పుడే చింతపండుతో తోమిన కుందులూ పంచపాత్రా బంగారంలా మెరుస్తుంటే, వాటి నడుమ చెమట మరకలతో ఆ కొక్కెం కనిపించింది. కడగని వస్తువు పీట మీద ఉండకూడదన్నది ఆమె అత్తగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. పైగా దాని మీద ఎవరో పెట్టిన పాత కుంకుమబొట్టు ఎండిపోయి ఉంది. పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టరు.

ఆమె కొక్కేన్ని పెరట్లోకి తీసుకుపోయి చింతపండు గుజ్జుతో ఓపికగా తోమింది. ఆ బొట్టు ఎంత తోమినా రాలేదు. ఈ కాలం కుంకుమలో ఏం కలుపుతున్నారో అనుకుంటూ పిన్నీసుతో గీకింది. కడిగి, కొంగుతో తుడిచి, గంధం రాసి, మంచి కుంకుమతో ఒక బొట్టు పెట్టి మళ్లీ పీట మీద ఉంచింది. బొట్టు స్క్రూ పక్కన పడింది. నైవేద్యం కోసం వంటింట్లోకి పోయింది.

దండం పెట్టుకోవడానికి వచ్చిన సుబ్బయ్యకు తళతళలాడుతున్న కొక్కెం కనిపించింది. అంత శుభ్రంగా ఉన్న యంత్రాన్ని చూసి చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. తీసి ట్రిగ్గర్ నొక్కాడు, కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కితే బంకబంకగా కదిలి మధ్యలో ఆగిపోయింది. లోపల చింతపండు ఉందని ఆయనకెలా తెలుస్తుంది? స్క్రూ మరీ బిగిసిందనుకున్నాడు. పాపం, పిల్ల రెండేళ్లుగా ఐదో స్థానంలో ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు అర్థమైందనుకున్నాడు. పాత పనిముట్ల డబ్బా తెచ్చి, స్క్రూను ఎడమకు ఒకటిన్నర చుట్టు తిప్పి, లోపల రెండు చుక్కలు గడియారాల నూనె వేశాడు. నాలుగైదుసార్లు ఆడించేసరికి కొక్కెం చిటికె వేసినట్టు పలికింది. చెప్పి చేస్తే పొగడ్త కోసం చేసినట్టు ఉంటుందని ఎవరికీ చెప్పలేదు.

బయలుదేరేముందు స్వర్ణలత కొక్కేన్ని తీసి కళ్లకద్దుకుంది. ఎర్రచుక్క ఉందో లేదో చూసింది. ఉంది. పటకాకు తగిలించి సంచిలో పెట్టుకుంది.

మైదానంలో ఎండ అప్పటికే గట్టిగా ఉంది. పోటీకి ముందు సాధన బాణాలకు పిలిచారు. స్వర్ణలత తాడు లాగడం మొదలుపెట్టి, చెయ్యి ఇంకా గడ్డం దగ్గరికి రాకముందే వేలు అలా తగిలిందో లేదో, కొక్కెం తెరుచుకుంది. బాణం గురిపలక మీదుగా పోయి, వెనకున్న మట్టికట్ట మీది సీమతుమ్మ కంపలో ఇరుక్కుంది. లైను వెంబడి నిలబడ్డ వాళ్లంతా విల్లులు దించారు. న్యాయనిర్ణేత వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే పోటీ నుంచి పంపించేస్తానని చెప్పి, కాగితం మీద ఏదో రాసుకుని పోయాడు.

స్వర్ణలత చెమట పట్టిన బొటనవేలితో కొక్కేన్ని తిప్పి చూసింది. ఎర్రచుక్క వేలికంటుకుని వచ్చింది. గోళ్లరంగు అలా రాదు. వాసన చూసింది. కుంకుమ.

తాటాకు పందిరి కింద కుర్చీల్లో ఉన్న ముగ్గురి దగ్గరికి వచ్చి నిలబడింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

దొంగల చేత నిజం చెప్పించిన గొంతే అది. అయితే ఆ దొంగలకు ఆమె కోడలు కాదు.

"దేవుని ముందర పెట్టిందాన్ని ముట్టుకునే ధైర్యం ఎవురికుంటాదమ్మా?" అంది నాగలక్ష్మమ్మ. కడగడం ముట్టుకోవడం కిందికి రాదని ఆమె నమ్మకం.

"నాకు గడియారాలు తప్ప ఇంకేం తెలుసు తల్లీ" అన్నాడు సుబ్బయ్య. అది అబద్ధమా కాదా అని మనసులో తూచుకుని, కాదనే తేల్చుకున్నాడు.

"నేను పొద్దున్నుంచీ కారు కడుగుతాంటి" అన్నాడు భర్త భూపేష్. ముగ్గురిలో నేరుగా నిజం చెప్పినవాడు అతనొక్కడే కనుక ఆమె అనుమానం అతని మీదికే పోయింది. ఒక నిమిషం అతని ముఖంలోకి చూసి, కొక్కేన్ని కుర్చీ మీద పెట్టి, దాన్ని ఇంక ఎవరూ తాకొద్దని చెప్పి, ఇంకోటి అరువు దొరుకుతుందేమోనని తిరుపతమ్మను వెతుక్కుంటూ పోయింది.

భూపేష్‌కు రోషం వచ్చింది. రెండేళ్లుగా ఆమె వెంట సాధనకు పోయి బాణాలు ఏరినవాడు అతను. స్క్రూ కుడికి తిప్పితే బిగుస్తుందని తెలుసు. ట్రిగ్గర్ నొక్కి చూశాడు. ఊదితే తెరుచుకునేలా ఉంది. అమ్మా నాన్నా చెట్ల వైపు చూస్తున్నారు, ఇద్దరూ అవసరమైనదానికన్నా శ్రద్ధగా. అతను తాళంచెవుల గుత్తికున్న చిన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా బిగిస్తూ, నొక్కి చూస్తూ, ఎప్పుడూ ఉండేలా అనిపించినచోట ఆపాడు. ఒకటిన్నర చుట్టు అయింది. ముట్టుకోవద్దని చెప్పాక ముట్టుకున్నానని పెళ్లానికి ఎలా చెప్పడం? కొక్కేన్ని కుర్చీ మీద పెట్టేశాడు.

తిరుపతమ్మ దగ్గర బొటనవేలితో నొక్కే రకం ఒకటే మిగిలింది. స్వర్ణలత దాన్నెప్పుడూ వాడలేదు.

"ఈపొద్దు కొత్తది పట్టుకుంటివంటే పోటీ వదిలేసి దర్శనానికి పోవడం మేలు" అంది తిరుపతమ్మ. "నీదే తీసుకో పాపా. వేలు ఊరికే ఆనించు. నొక్కొద్దు. వీపుతో లాగు, లాగుతానే ఉండు. అదే పోతాది."

స్వర్ణలత తిరిగివచ్చి కొక్కేన్ని పట్టి చూసింది. ఇందాక గాలికి తెరుచుకున్నది ఇప్పుడు నొక్కినా వెంటనే తెరుచుకోవడం లేదు. లోపల ఏదో విరిగిందనుకుంది. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా పనిచేసేదాన్ని చేతికి కట్టుకుని డెబ్బై రెండు బాణాలు వేయాలి. వాటిలో ఒక్కటి సీమతుమ్మలోకి పోయినా ఇంటికి పోవాలి.

కోడలి ముఖం చూసి సుబ్బయ్య కుర్చీలోంచి సగం లేచాడు. నిజం చెప్పేస్తే ఆమె ఇంకా కంగారుపడుతుందేమో. చెప్పకపోతే పాపమేమో. చెప్పాల్సిన మాటకు దేవుడు గడువేమైనా పెట్టాడా అని ఆలోచిస్తుండగానే పోటీ మొదలైందని విజిల్ ఊదారు. ఆయన కూర్చున్నాడు.

స్వర్ణలత మొదటి బాణానికి తాడు లాగింది. పసుప్పచ్చ గుండ్రం కనిపించింది. ఎప్పటిలాగే వేలు ఉరకబోయింది, కానీ భయం దాన్ని ఆపింది. నొక్కితే ఏమవుతుందో తెలియదు. వేలిని ట్రిగ్గర్ మీద ఆనించి, రెండు భుజాల ఎముకలూ దగ్గరికి వచ్చేదాకా లాగుతూ ఉంది. ఇక ఇది తెరుచుకోదని ఆమె నిశ్చయానికి వచ్చిన క్షణంలో అది తెరుచుకుంది. ఆమె ఉలిక్కిపడింది. బాణం మాత్రం ఉలిక్కిపడకుండా పోయి నట్టనడుమ దిగింది.

అదృష్టమనుకుంది. రెండోదానికీ అంతే భయపడింది. అదీ నట్టనడుమే, పదికి పది పాయింట్లు. ఆరేసి బాణాలకొకసారి పాయింట్లు రాసుకుని వస్తుంటే, తిరుపతమ్మ నీళ్ల సీసా అందిస్తోంది. స్వర్ణలతకు ఆ కొక్కెం మీద నమ్మకం చివరిదాకా కుదరలేదు. డెబ్బై రెండో బాణానికి కూడా మొదటిదానికి పడ్డంత భయమే పడింది.

పేర్లు చదివారు. ఆమె అప్పటిదాకా ఎన్నడూ ఆరువందల డెబ్బై దాటలేదు. ఈసారి ఆరువందల తొంభై ఒకటి. రెండో స్థానం. స్వర్ణలత గురిపలక దగ్గరే కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, కాగితాల మీద సంతకాలు పెట్టడానికి పోయింది.

ఆమె అటు పోవడమే ఆలస్యం, నాగలక్ష్మమ్మ తిరుపతమ్మ పక్కన చేరింది. తాను పొద్దున చింతపండుతో తోమి బొట్టు పెట్టబట్టే ఆ కొక్కెం మాట విన్నదని మెల్లగా చెప్పింది. సుబ్బయ్య ఆ మాట విని, చింతపండా అని కాసేపు నోరు తెరిచి, తాను నూనె వేసి స్క్రూ వదులు చేయకపోయుంటే ఏమయ్యేదో చూడమన్నాడు. భూపేష్ ఆగలేకపోయాడు. ఆ వదులుకే కదా మొదటి బాణం కంపలో పడింది, తాను బిగించబట్టే పని జరిగిందన్నాడు. పదకొండు గంటలకు ఎవరూ ముట్టుకోని వస్తువును నాలుగు గంటలకు ముగ్గురూ ముట్టుకున్నారు.

తిరుపతమ్మ ముగ్గురినీ చూసింది.

"ఏమప్పా, నువ్వు ఎన్ని చుట్లు తిప్పితివి?" అని సుబ్బయ్యను అడిగింది.

"ఎడమకు ఒకటిన్నర."

"నువ్వు?"

"కుడికి ఒకటిన్నర" అన్నాడు భూపేష్.

"చింతపండు నూనెతో కొట్టుకుపాయె" అంది తిరుపతమ్మ.

ముగ్గురూ లెక్క వేసుకున్నారు. సుబ్బయ్యే అడిగాడు.

"అంటే, అది మొదట యాడ ఉండెనో ఇప్పుడూ ఆడనే ఉండాదా?"

"ఆడనే ఉండాది."

"మరి మేము చేసిందేముంది తల్లీ?"

"మీరు ఏమీ చేయలేదప్పా. ఆ సంగతి ఆ పిల్లకు తెలియకుంటే శానా మంచిది."

తన చేతిలో ఏముందో, ఏది లేదో తేల్చుకోవడానికి సుబ్బయ్య ఆకాశం వైపు చూశాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

స్వర్ణలత సంతకాలు చేసి వచ్చింది. జాతీయ పోటీలకు రెండు నెలలే ఉంది, ఈ కొక్కేన్ని మళ్లీ సరిచూసి చుక్క పెట్టుకుంటానని, ఈసారి బీరువాలో పెట్టి తాళం వేస్తానని కోచ్‌తో చెప్పింది. చుక్కా వద్దు, తాళమూ వద్దంది తిరుపతమ్మ. మరి ఎక్కడ పెట్టమంటారని అడిగితే, ఇంట్లో అందరికీ చెయ్యి అందేచోట పెట్టమంది.