ఎంకన్న క్షేమమని సర్కారు మాట

"ఈ మహాయుద్ధము స్వేచ్ఛ కోసము జరుగుచున్నది. అంత విలువైన వస్తువును యుద్ధకాలములో ప్రతివారూ వాడినచో అరిగిపోవు ప్రమాదము కలదు. కనుక సవాన్ జిల్లా ప్రజల వాక్స్వాతంత్ర్యమును ఈ కార్యాలయము స్వాధీనము చేసుకొని, యుద్ధము ముగియువరకు భద్రపరచును. అత్యవసరముగా మాట్లాడదలచినవారు మూడు రోజుల ముందుగా, మూడు కాపీలలో దరఖాస్తు పెట్టుకొనవచ్చును."

1918 జనవరిలో సుయాక్ రేవు ఎదురుగా, యుద్ధవార్తల కార్యాలయం తలుపు మీద ఈ నోటీసు అంటించిన మహానుభావుడు మార్సెల్ దొర, మా దీవి ఫ్రెంచి మాటలో మిస్యే మార్సెల్. అంతకుముందు ఆయన ఒక ఎస్టేటులో చెరుకు తూచేవారు. ఏ బండి తూచినా కూలివాడి లెక్కకంటే తక్కువే తూగేది. అలాంటి చెయ్యి ప్రజల మాటలు తూచడానికి కూడా పనికివస్తుందని పైవారు గ్రహించడం మా జిల్లా అదృష్టం.

ఆ కార్యాలయంలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను నేను. పేరు గోపాలు. మా తాత కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరుకు నరకడానికి, సముద్రం నడుమ ఇంగ్లీషువారు ఏలే ఈ దీవికి వచ్చాడు. ఆయనకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఆ ఆస్తిని చిల్లిగవ్వ తగ్గకుండా మా నాన్నకు ఇచ్చాడు, నాన్న నాకు ఇచ్చాడు. ఉద్యోగానికి వెళ్ళిన రోజు మార్సెల్ గారు ఒక తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. అది ఏ పుస్తకమో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చిన రామభజన కీర్తన ఒకటి రాగం తీయకుండా అప్పజెప్పాను. మధ్యలో ఒకసారి పేజీ తిప్పాను. ఉద్యోగం ఇచ్చారు.

తెలుగు చదవడం నిజంగా వచ్చినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, నువెల్ ఫ్రాన్స్‌ ఎస్టేటులో భజన పెట్టే ఆదినారాయణ మేస్త్రుగారు. ఆదివారాలు పిల్లలకు ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. ఆయన్ను తీసుకుంటే పోయేదిగదా అని ఒక గుమాస్తా అన్నాడట. మార్సెల్ గారు నవ్వి, "చదువు వచ్చినవాణ్ణి సెన్సారాఫీసులో పెడితే ఉత్తరాలు చదివేస్తాడు" అన్నారు. పరిపాలన అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

మా జిల్లానుంచి చాలామంది కూలీల పటాలంలో చేరి బస్రా యుద్ధరంగానికి వెళ్ళారు. వాళ్ళ ఉత్తరాలు మా ఆఫీసుకే వచ్చేవి. కాగితం మీద ఓడల పేర్లు ఉండవచ్చు గనుక ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వకూడదని రూలు. శనివారం పొద్దున నేను కిటికీలో కూర్చుని చదివి వినిపించాలి. ఇళ్ళవాళ్ళు రాయించిన జవాబులు పంపకుండా, వాటిని కూడా భద్రపరచాలి.

"ఉత్తరంలో ధైర్యం ఉండాలి" అన్నారు మార్సెల్ గారు మొదటిరోజే. "పబ్లిక్ మొరేల్ పడిపోకూడదు."

"లేకపోతేనో దొరా?"

"లేకపోతే నువ్వెందుకున్నావు?"

ఆ ఒక్క మాటతో నా చిక్కు తీరిపోయింది. చదవలేనివాడికి ఇంతకంటే మంచి ఉత్తర్వు ఏముంటుంది?

అందరికంటే ముందుగా వచ్చి కిటికీ దగ్గర నిలబడేది పోలమ్మ. నువెల్ ఫ్రాన్స్ కూలీ లైన్లలో ఉంటుంది, చెరుకులో కలుపు తీస్తుంది. మొగుడు ఎంకన్న వెళ్ళి ఏడాది దాటింది. మార్చిలో ఒక ఉత్తరం, ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి ఆమె పేరున వచ్చాయని గుమాస్తా కవరు మీది ఇంగ్లీషు చూసి చెప్పాడు. మూడూ నేనే చదివాను. "ప్రియమైన భార్యామణికి శుభాశీస్సులు. ఇక్కడ గవర్నమెంటువారి దయవల్ల మూడు పూటలా భోజనం. ఎండ కూడా పెద్దగా లేదు. దిగులు పడకు. గవర్నమెంటువారు చెప్పినట్టు నడుచుకో." మే ఉత్తరం చాలా బాగా కుదిరింది. రెండు చోట్ల నా కళ్ళే తడిశాయి.

పోలమ్మ కళ్ళు తడవలేదు. ఆమె కిటికీ ఊచ పట్టుకొని అడిగింది. ఉత్తరాన్ని మా లైన్లలో లెత్ అంటారు.

"గోపాలన్నా, ఈ లెత్ మావోడు రాసినాడా?"

"మరి ఇంకెవరు రాస్తారమ్మా?"

"ఆడు నన్ను భార్యామణీ అనడు. పదేళ్ళ కాపరంలో ఒక్కసారి అన్నేదు. ఏయ్ పోలీ అంటాడు."

"లగేర్‌కి వెళ్ళి యుద్ధంలో ఉన్నవాళ్ళకు మర్యాద నేర్పుతారమ్మా."

"మర్యాద నాకొద్దు. ఆడు బతికున్నాడా నేదా, అది సెప్పమను మీ మిస్యేని."

లోపలికి వెళ్ళి మనవి చేశాను. మార్సెల్ గారు చాలాసేపు ఆలోచించి, ఒక సైనికుడు బతికున్నాడో లేదో బయటపెడితే సైన్యంలో ఎంతమంది ఉన్నారో శత్రువుకు తెలిసిపోతుందని సెలవిచ్చారు. అంతదూరం ఆలోచించగలవారు కాబట్టే ఆయన కుర్చీలో ఉన్నారు, మేము కిటికీల దగ్గర ఉన్నాము.

పోలమ్మ తిన్నగా ఆదినారాయణ దగ్గరకు పోయింది. మా భజన పద్ధతి తెలియనివారికి ఒక మాట. శనివారం పొద్దువాలగానే మధ్యలో దీపపు సెమ్మె పెట్టి, తాళాలు పట్టుకొని చుట్టూ తిరుగుతారు. మేస్త్రు ఒక చరణం అంటాడు, అందరూ అదే చరణం తిరిగి అంటారు. తిరిగి అనకుండా ఊరుకుంటే దేవుడికి చేరదని మా నమ్మకం. అర్థం తెలిసినా తెలియకపోయినా నోరు కలపాలి. ఆ శనివారం పాత కీర్తన చివర ఆదినారాయణ కొత్త చరణం ఒకటి చేర్చాడు. "ఎంకన్న ఏడి సామీ, సెప్పేవారెవరు సామీ." నలభై గొంతులు ఆ మాట తిరిగి అన్నాయి. మళ్ళీ అన్నాడు, మళ్ళీ అన్నాయి.

ప్రజల మొరేల్ పరీక్షించడానికి ఆ సాయంత్రం మార్సెల్ గారు స్వయంగా వేంచేశారు. ఆయన కుర్చీ పక్కనే నేను నిలబడి ఉన్నాను.

"ఎంకన్న ఎవరు?" అన్నారు.

"మా దేవుడు దొరా."

"దేవుడు ఎక్కడున్నాడని అడగడం దేనికి?"

"భక్తులు ఎప్పుడూ అడిగేది అదే దొరా."

ఆయన సంతోషించి ప్రసాదం కూడా తిన్నారు. కాని మర్నాడు ఎస్టేటు సర్దారు వచ్చి, ఎంకన్న అనేవాడు దేవుడు కాడనీ, పటాలంలోకి పోయిన కూలీ అనీ, వాడి నంబరుతో సహా రిపోర్టు ఇచ్చాడు. మార్సెల్ గారు నన్ను ఏమీ అనలేదు. కిందివాళ్ళ తప్పులు క్షమించడం ఆయన గుణం, పైగా ప్రసాదం తిన్న సంగతి ఫైలులో రాకూడదు. లా పుస్తకం తిరగేసి మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు తయారుచేశారు. ఒక మనిషి అడిగితే అది ప్రశ్న, నలభైమంది అడిగితే తిరుగుబాటు. కనుక మేస్త్రు తన ఇష్టం వచ్చినట్టు పాడుకోవచ్చు, ఎవరూ తిరిగి అనకూడదు.

"చూశావా, వాడి వాక్స్వాతంత్ర్యానికి నేను అడ్డం రాలేదు" అన్నారు నాతో.

మరుసటి శనివారం పోలీసులతో వెళ్ళాము. ఆదినారాయణ చరణం పాడాడు. నలభైమంది నోరు మెదపలేదు. తాళాలు కూడా ఆపేశారు. ఆ చరణం అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ దీపం చుట్టూ ఊరికే తిరిగారు. అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ ఆయన పాడాడు, మళ్ళీ వాళ్ళు ఊరుకున్నారు. మార్సెల్ గారికి చెమటలు పట్టాయి.

"ఏమంటున్నారు?"

"ఏమీ అనడం లేదు దొరా."

"ఎంతమంది?"

"నలభైమంది."

"నలభైమంది ఒకే మాట, ఒకే సమయంలో అనకుండా ఉన్నారు! ఇది కుట్ర కాక మరేమిటి?"

ఆదినారాయణను అక్కడికక్కడే పట్టుకున్నారు. నేరం, యుద్ధకాలంలో అనుమతి లేని నిశ్శబ్దాన్ని ప్రోత్సహించడం. రుజువైతే రెండేళ్ళు.

ఆగస్టులో బహిరంగ విచారణ. ఆరోపించేదీ, తీర్పు చెప్పేదీ ఒకరే అయితే కాలం కలిసివస్తుందని మార్సెల్ గారు రెండు పనులూ తామే తీసుకున్నారు. వరండాలో బల్ల వేశారు. ముంగిట్లో భజన జనం నిలబడ్డారు, అందరికంటే ముందు పోలమ్మ. రాజధాని పోర్ట్ లూయీ నుంచి పత్రికాయన ఒకరు కూడా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. ఆయన రావడానికి ఖర్చు మా ఆఫీసుదే.

"నీ ప్రశ్నవల్ల శత్రువుకు లాభం కలుగుతుందని తెలియదా?" అని మార్సెల్ గారు మొదలుపెట్టారు. నేను ఇటు తెలుగులోకి, అటు ఫ్రెంచిలోకి చెబుతూ పోయాను.

ఆదినారాయణ నిదానంగా జవాబిచ్చాడు. "ఓడ ఎప్పుడు కదుల్తాదని అడగనేదు బాబూ. తుపాకులెన్నని అడగనేదు. మడిసి ఏడని అడిగినాం. మడిసిని ఓడెక్కించుకున్నోరు జాడ సెప్పాల. గవర్నమెంటుని అడక్కపోతే ఎవుర్ని అడుగుతాం?"

"ఎంకన్న ఎక్కడున్నాడో శత్రువుకు తెలిసిపోతేనో?"

"ఆడికి తెలిస్తే మాకు సెప్పమనండి."

ముంగిట్లో ఎవరో నవ్వారు. మార్సెల్ గారు బల్ల మీద కొట్టి, రిజిస్టరు తెరిచారు. మార్చి, ఎంకన్న క్షేమం. ఏప్రిల్, ఎంకన్న క్షేమం. మే, ఎంకన్న క్షేమం. మూడింటి కిందా నా సంతకమే. "క్షేమంగా ఉన్నవాణ్ణి ఏడని అడగడం తప్పుడు ప్రచారం" అన్నారు. అంతటితో ఆగితే పోయేది. పత్రికాయన పెన్సిలు చకచకా కదలడం చూసి ఆయనకు ఉత్సాహం వచ్చింది. బీరువాలోంచి మే నెల ఉత్తరం తెప్పించి నా చేతికిచ్చారు.

"చదువు. ఒరిజినల్ చదువు. అందరూ వినాలి."

నలుపు గీతలు. అందులో ఒక్కటీ నా వైపు చూడలేదు. "గొంతు పట్టేసింది దొరా" అన్నాను.

"ఇలా ఇయ్యి, నేను సదువుతాను" అన్నాడు ఆదినారాయణ.

"వద్దు దొరా, ముద్దాయి చేతికి సర్కారు కాగితం..." అని నేను అడ్డుపడబోయాను. మార్సెల్ గారు చెయ్యెత్తి నన్ను ఆపి, పత్రికాయన వైపు తిరిగారు. "రాసుకోండి. సర్కారు సాక్ష్యాన్ని ముద్దాయే నోరారా చదువుకోవచ్చు. కైజరు దేశంలో ఇంత స్వేచ్ఛ ఉందా?"

ఆదినారాయణ కాగితం అందుకొని ముందు తనలో తాను చదువుకున్నాడు. సగంలో ఆగి తలెత్తాడు.

"పోలమ్మా, కూసో తల్లీ."

"నిలబడే ఇంటాను. సదువు."

ఆయన చదివాడు. "పోలమ్మ వదినకి మహేబోర్గ్ ఊరి సుబ్బయ్య దండాలు. మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి రాసినాను. నీకాడినుంచి జవాబు నేదు, అందుకని మళ్ళీ రాస్తన్నాను. మా ఎంకన్న అన్న ఫిబ్రవరి నెల్లో జొరమొచ్చి నాలుగు రోజులుండి పోయినాడు. ఆఖర్న నీ పేరే పిలిచినాడు, నేనే నోట్లో నీళ్ళు పోసినాను. ఇక్కడ కట్టెలు దొరకనేదు వదినా. పూడ్చినాం. తప్పయితే నన్ను క్షమించు."

మార్సెల్ గారు చిరునవ్వుతో తల ఊపుతూ కూర్చున్నారు, ఆయనకు తెలుగు రాదుగదా. పోలమ్మ ఏడవలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత వరండా మెట్టు దాకా వచ్చి నా ముఖంలోకి చూసింది.

"గోపాలన్నా, ఆడు పోయింది ఫిబ్రవరి. మే నెల్లో కిటికీ కాడ నువ్వు సదివినావు. దిగులు పడకు అని సదివినావు. అది ఎవరు రాసినారు?"

ఏ ఎస్టేటు సర్దారు కొరడా కింద కూడా నేను అంత సిగ్గుతో చచ్చిపోలేదు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క ఉత్తరమూ తోచలేదు.

ఆమె ఇంక నన్ను వదిలేసి బల్ల వైపు తిరిగి, గట్టిగా అడిగింది. "ఎవరు రాసినారు?"

సంకెళ్ళతోనే ఆదినారాయణ అందుకున్నాడు. "ఎవరు రాసినారు?"

ముంగిట్లోని నలభైమందీ తిరిగి అన్నారు. మళ్ళీ అన్నారు. రేవు దాకా వినబడి ఉంటుంది.

మార్సెల్ గారు నా వైపు వంగి, "ఏమంటున్నారు?" అని అడిగారు.

"గవర్నమెంటువారికి కృతజ్ఞతలు చెబుతున్నారు దొరా" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీలోంచి లేచి, టోపీ తీసి గుండెలకు ఆనించుకుని, నలభైమందికీ వంగి నమస్కారం చేశారు.

"ఇంకొక్కసారి చెప్పమను" అన్నారు. "పత్రికాయన పూర్తిగా రాసుకోలేదు."