కన్యస్త్రీకి జత బొమ్మ

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, ఆ రోజు జరగవలసినవి మూడే అనుకుంది దోన్యా హెర్మీనియా. పన్నెండింటికి నది అవతలి ఒడ్డు నుంచి కన్యస్త్రీ సినిమా రావాలి. మూడింటికి బొమ్మ పడాలి. బొమ్మ అయిపోయేసరికి ఫాదర్ క్రిసోఫొరో మొహంలో చిరునవ్వు కనబడాలి. మొదటి రెండూ ప్రతివారం జరిగేవే. మూడోది శాంటా మాగ్దలేనా ఊళ్ళో పదకొండేళ్ళుగా ఎవరూ చూడలేదు.

కిందటి ఆదివారం పూజలో ఫాదర్ చెప్పవలసింది నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. "చీకట్లో తెల్లగుడ్డ ముందు కూర్చుని మీరేం చూస్తున్నారో వచ్చే ఆదివారం నేనే వచ్చి చూస్తాను. మంచిదైతే మంచిదంటాను. కాదో, ఆ గుమ్మం తొక్కినవాళ్ళు మళ్ళీ ఈ గుమ్మం తొక్కక్కర్లేదు."

ఊరంతా రెండు గుమ్మాలూ తొక్కేవాళ్ళే. ఏదో ఒకటి వదులుకోమంటే ఏది వదులుతారో హెర్మీనియాకి తెలుసు. భర్త అన్సెల్మో పోతూ ఆమెకి వదిలివెళ్ళింది ఆ హాలూ, ఓ పాత మిషనూ, ఎనభై రెండు బెంచీలూ. హాలు మూతపడితే ఆమెకి మిగిలేది చెల్లెలి వంటింట్లో నీళ్ళ కుండ పక్కన మూల.

ఆ హాల్లో ఎప్పుడూ రెండు సినిమాలు, ఒకే టిక్కెట్టు. ఎవరికి తీరినప్పుడు వాళ్ళు వస్తారు, ఉన్నంతసేపు ఉంటారు. తాము వచ్చినప్పటి సీను మళ్ళీ తెరమీదికి వచ్చేసరికి "ఇక్కడే వచ్చాం" అనుకుని లేచిపోతారు. ఏ రెండు సినిమాలు జత కుదురుతాయో తేల్చే పని హెర్మీనియాది. అవతలి ఒడ్డు హాలు నడిపే దోన్ రొసెందో కూడా ఆ మాట కాదనడు. మధ్యాహ్నం నిద్రకి ముందు ఆమె రెండు సినిమాల ఫొటోలూ తలగడ కింద పెట్టుకునేది. ఈ సినిమాలో మనుషులూ ఆ సినిమాలో మనుషులూ కలలో కలిసి మాట్లాడుకుంటే జత కుదిరినట్టు. మొహాలు తిప్పుకుంటే లేనట్టు. అలా ఒకసారి ఓడ మునిగిపోయే సినిమాకి చాకలివాడి పెళ్ళి సినిమా జత చేసింది. మొదటిదానికి తడిసిన కళ్ళు ఆరకముందే జనం రెండోదానికి నవ్వి, నెలరోజులు ఆ ముచ్చటే చెప్పుకున్నారు.

ఈ వారం పవిత్రమైన జత పంపమని ఆమె కంపెనీవాళ్ళకి కబురు పెట్టింది. వాళ్ళు రెండు ఒడ్లకీ కలిపి కన్యస్త్రీ సినిమా ఒకటీ, తలమీద అనాసపండు పెట్టుకుని బల్లలెక్కి ఆడే నాట్యగత్తె సినిమా ఒకటీ పంపారు. అలవాటు చొప్పున ఫొటోలు తలగడ కింద పెట్టుకుంటే, నది నడిమధ్య పడవలో కన్యస్త్రీ, నాట్యగత్తె ఒకరి బట్టలు ఒకరు మార్చుకుంటూ కలలోకి వచ్చారు. ఇద్దరూ ఆమె వంక చూసి కిసుక్కున నవ్వారు. హెర్మీనియా చెమటతో లేచింది.

"ఈ రెండూ ఒక్క గుమ్మంలోకి రాకూడదు" అని తేల్చేసింది. నాట్యగత్తెని శనివారం, ఫాదర్ పక్క ఊరు వెళ్ళినప్పుడు, చడీచప్పుడు లేకుండా ఆడించింది. ఆ ఆటకి వచ్చినవాళ్ళంతా మగవాళ్ళు. ఇళ్ళలో మాత్రం వలలు బాగుచేసే సంఘం మీటింగని చెప్పి వచ్చారు. ఆదివారం ఆ సినిమా రొసెందో దగ్గరికి పోవాలి, అక్కడి కన్యస్త్రీ ఇటు రావాలి. ఇక్కడ కన్యస్త్రీకి కన్యస్త్రీయే జత. ఒకే సినిమా రెండుసార్లు. ఆమె జీవితంలో ఇంత చప్పటి జత ఎన్నడూ కట్టలేదు.

రీళ్ళు నది దాటించేది పడవ తిబూర్సియో. నలభై ఏళ్ళుగా నీళ్ళమీద ఉండి, ఆయన మాట కూడా మెల్లగా తేలుతూ వస్తుంది.

"తిబూర్సియో, ఎండ చూశావుగా. డబ్బాలు వేడెక్కితే ఫిల్ము ముద్దయిపోతుంది. తడి అరటాకులు కప్పి తీసుకురా. ఆకులు ఆరనివ్వకు. నీళ్ళు చల్లుతూనే ఉండు."

"ఎప్పుడూ కప్పలేదు కదా దోన్యా?"

"ఎప్పుడూ ఫాదర్ రాలేదు కదా!"

"ఆయనొస్తే ఎండ ఎక్కువవుతుందా?"

"నాకు ఎక్కువవుతుందయ్యా! వెళ్ళు."

తిబూర్సియో ఆరు డబ్బాల నాట్యగత్తెని ఎక్కించుకుని నది దాటాడు. ఆయన ఓ గ్లాసు చల్లటి పానీయం తాగి వచ్చేలోపు రొసెందో మనిషి ఆరు డబ్బాల కన్యస్త్రీని అదే పడవలో, ఇంకా దించని డబ్బాల మధ్య, అవే తడి ఆకుల కింద పెట్టేశాడు. డబ్బాలమీద అంటించిన కాగితాలు తడి ఆకుల కింద నాని నాని ఊడి, అప్పటికే తెల్లటి చేపపిల్లల్లా నీళ్ళమీద సముద్రం వైపు సాగిపోతున్నాయి. పన్నెండు డబ్బాలూ ఒకే రేకు, ఒకే రంగు. తిబూర్సియో ఆరు లెక్కపెట్టి అక్కడ దించాడు, ఆరు లెక్కపెట్టి ఇక్కడ దించాడు. లెక్కలో పొరపాటు లేదు.

"కాగితాలేవి?" అన్నాడు ఆపరేటర్ ఎవెలియో.

"డబ్బాలు చల్లగా ఉన్నాయా లేవా, అది చూడు."

ఎవెలియో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉన్నాయి. గంట రెండున్నర. హెర్మీనియా ఫాదర్‌ని పిలుచుకు రావడానికి చర్చికి వెళ్ళింది. ఎవెలియో ఒక్కో రీలు కొసనీ కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. ఆరింటిలోనూ ఒకే ఆడమనిషి మొహం. మూడింటిలో ముసుగు ఉంది, మూడింటిలో లేదు. రెండు సినిమాల్లోనూ ఒకే నటి అన్న సంగతి ఆయనకి తట్టలేదు. శనివారం మిషను ఆడించింది ఆయనే గానీ, రీలు ఎక్కించి కునుకు తీసి, తెర మూలన చుక్క కనబడే వేళకి లేచి ఇంకో రీలు ఎక్కించడం ఆయనకి పాతికేళ్ళ అలవాటు. ఆయన ఏ సినిమా కథా ఎరగడు. ముసుగువి ముందు, మిగతావి తర్వాత అని సర్దుకుని మిషను తిప్పాడు.

సరిగ్గా మూడింటికి దోన్యా ఎస్కొలాస్టికా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. భక్త స్త్రీల సంఘానికి అధ్యక్షురాలు. ఆమెని చూసి చర్చి గంట కొట్టేవాడు గడియారం సరిచేసుకుంటాడు. ఫాదర్ మాత్రం రాలేదు. జ్ఞానస్నానం ఒకటి మిగిలిపోయింది. శిశువు సిద్ధంగానే ఉన్నాడు, జ్ఞానతండ్రి ఇంకా బూట్లు వెతుక్కుంటున్నాడు.

హాల్లో చీకటి. పైకప్పు రేకుల చిల్లుల్లోంచి పడ్డ ఎండపోగులు వెండి తీగల్లా వేలాడుతున్నాయి. తెరమీద ఒక పిల్ల మఠం తలుపు తట్టింది, జుట్టు కత్తిరించుకుంది, తెల్లటి వరండాలో పావురాలకి గింజలు వేసింది. ఎస్కొలాస్టికా రుమాలు తడిసిపోయింది. మూడు రీళ్ళయ్యాయి. సిస్టర్ కొవ్వొత్తి పట్టుకుని మెట్లెక్కి ఒక తలుపు తెరిచింది.

తలుపు వెనక మద్దెలలు మోగాయి. సిస్టర్ తలమీద అనాసపండు ఉంది.

ముందు బెంచీల్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీల్లో మగవాళ్ళకి మాత్రం వెంటనే అర్థమైంది. ఇది నిన్నటిది. కానీ ఆ మాట పైకి అంటే నిన్న వచ్చినట్టు ఒప్పుకోవాలి. పాతికమంది మగవాళ్ళు పాతికమంది భార్యల పక్కన నోరు నొక్కుకుని కూర్చున్నారు. మెకానిక్ పన్ఫిలో ఒక్కడే తనకి తెలియకుండానే పాట అందుకున్నాడు, అదీ తెరమీద అమ్మాయి కంటే ఒక చరణం ముందు.

"ఆ పాట నీకెలా వచ్చు?" అంది భార్య.

"వలల మీటింగులో నేర్పారే..."

ఎస్కొలాస్టికా లేచి నిలబడింది. "సిస్టర్ని బల్లెక్కించారు! ఇంకేం చూడాలి ఈ కళ్ళతో? పదండర్రా!" సంఘం స్త్రీలు తొమ్మిదిమంది ఆమె వెనకే పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు.

సరిగ్గా అప్పుడే ముందు తలుపులోంచి ఫాదర్ వచ్చాడు. వెనక హెర్మీనియా. వెలుతుర్లోంచి చీకట్లోకి వచ్చిన ఫాదర్‌కి మొదట కనబడింది అనాసపండు. తర్వాత దాని కింద మనిషి.

"ఇదేనా మీ కన్యస్త్రీ?" అన్నాడు.

హెర్మీనియాకి కలలో ఇద్దరూ ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది. పరుగున క్యాబిన్‌కి పోదామంటే ఫాదర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. "కూర్చోండి ఫాదర్‌గారూ" అంది. ఆయన కూర్చున్నాడు, గోడకి మేకు దిగినట్టు. ఆమె పక్కన కూర్చుని, చెల్లెలి వంటింట్లో తన మంచం ఏ గోడవారగా పడుతుందో ఊహించుకోసాగింది.

నాట్యగత్తె ఆడింది, తాగింది, ప్రేమించినవాడు మోసం చేస్తే తెల్లవారుజామున వానలో ఒంటరిగా నడిచింది. తలమీది అనాసపండు బురదలో పడి దొర్లింది. 'సమాప్తం' పడింది. దీపాలు వెలగలేదు. తెరమీద మళ్ళీ పేర్లు పడ్డాయి. మధ్యలో పేర్లు పడటం ఆ ఊళ్ళో ఎవరికీ కొత్త కాదు. పేర్లయ్యాక మఠం తలుపు. తలుపు తడుతున్న చెయ్యి. అదే మొహం, ఇప్పుడు రంగు లేకుండా, కడిగినట్టు.

ఫాదర్ ముందుకి వంగాడు.

జుట్టు కత్తిరించుకుంటుంటే ఆయన కళ్ళజోడు తీశాడు. పావురాలకి గింజలు వేస్తుంటే హెర్మీనియా చేతిలోంచి రుమాలు అడిగి మరీ పుచ్చుకున్నాడు. హెర్మీనియా తెర వంక చూడటం మానేసి ఆయన్నే చూస్తోంది. మనసులోనే మంచాన్ని వంటింట్లోంచి మెల్లగా బయటికి జరుపుకుంటోంది. సిస్టర్ కొవ్వొత్తితో మెట్లెక్కి తలుపు మీద చెయ్యి వేసింది.

"ఫాదర్‌గారూ, ఇక్కడే వచ్చాం!" అంటూ హెర్మీనియా ఆయన మోచెయ్యి పట్టుకుని లేపేసింది. వెనక మద్దెలలు మోగేసరికి ఇద్దరూ వీధిలో ఉన్నారు.

వీధిలో ఎస్కొలాస్టికా కాచుకుని ఉంది. "చూశారా ఫాదర్‌గారూ? దేవుడి పిల్లని అంగట్లో నిలబెట్టారు!"

"చూశాను. అంగట్లోంచి దేవుడి గుమ్మందాకా నడిపించారు. పాపిగా మొదలై పునీతురాలైన మన మాగ్దలేనా తల్లి కథే కదమ్మా అది!"

"తారుమారుగా చెబుతున్నారు! మఠంలోంచి బల్లమీదికి వెళ్ళింది. ఈ రెండు కళ్ళతో చూశాను!"

"నావీ రెండే. మీరు ఎన్నింటికి వచ్చారు?"

"ఎన్నింటికేమిటి? మూడంటే మూడింటికి!"

"అదీ సంగతి" అన్నాడు ఫాదర్, జాలిగా. "తొందరపడ్డారు. ఆమె మారేదాకా ఓపిక పట్టలేదు. నాలుగో గంటకి వచ్చినవాణ్ణి, నాకు దొరికింది." అని హెర్మీనియా వైపు తిరిగాడు. మొహంలో చిరునవ్వు. పదకొండేళ్ళ తర్వాత బయటికి వచ్చింది కనక కాస్త వంకరగా ఉంది. "దోన్యా, రెండు సినిమాలు జత కడతారని విన్నాను. ఇవాళ ఒక్కటే వేశారేం? ఒక్కటైనా రెండింటి పెట్టు. వచ్చే ఆదివారం మళ్ళీ ఇదే. ఒక్క ముక్క తేడా రాకూడదు. పూజలో నేనే చెబుతాను."

హెర్మీనియా ఆ సాయంత్రమే తిబూర్సియోని పిలిచి తడి అరటాకులు ఎన్ని, నీళ్ళు ఎన్నిసార్లు, పానీయం ఎంతసేపు తాగాడు, అన్నీ అడిగి తెలుసుకుంది. అవతలి ఒడ్డు నుంచి రొసెందో కూడా కబురు పంపాడు. మిగిలిన రీళ్ళతో తమ దగ్గర నాట్యగత్తె బల్లమీద మొదలై మఠంలో కన్నుమూసిందట. పడవలవాళ్ళు సైతం ఏడ్చారట. ఆ జత ఏ కలలో దొరికిందో చెప్పమన్నాడు. ఆమె నిజమే చెప్పి పంపింది. అతను నమ్మలేదు.

మర్నాడు మధ్యాహ్నం నిద్రలో ఇద్దరు స్త్రీలూ మళ్ళీ పడవలో కనబడ్డారు. ఈసారి హెర్మీనియా కూడా వాళ్ళతో కలిసి నవ్వింది.

మరుసటి ఆదివారం మూడింటికి బొమ్మ పడేసరికి హాల్లో ఒక్క మనిషి లేడు. ఊరు ఊరంతా బయట ఎండలో నిలబడి నాలుగు కొట్టేదాకా ఆగింది. ఆలస్యంగా రావడంలో కూడా అందరికంటే ముందు నిలబడింది దోన్యా ఎస్కొలాస్టికాయే.